ఖాళీ కార్డు, లాగిన్ తాళంచెవి: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

కిందటి సంచికలో హార్డ్‌వేర్ సెక్యూరిటీ కీల గురించి, అంటే లాగిన్‌కు తాళంచెవిలా పనిచేసే చిన్న పరికరాల గురించి రాస్తూ, చివర్లో ఊరికే ఒక మాట అన్నాను: ‘ఖాళీ జావా కార్డు ఒకటి చేతిలో ఉంటే ఇలాంటి కీ మనమే చేసుకోవచ్చు’ అని. వ్యాసం మొత్తాన్ని వదిలేసి ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకున్నారు చాలామంది. వచ్చిన ఉత్తరాల్లో ఒకే ప్రశ్న పదిసార్లు ఉంటే ఒకసారికి కుదించాను. జవాబులన్నీ నేను చేసి చూసినవాటి మీదే, చెడగొట్టినవాటితో కలిపి.

ప్రశ్న: నేను బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మీ మాట పట్టుకుని ఒక జావా కార్డు, యూఎస్‌బీ రీడర్ తెప్పించాను. తెల్లటి ప్లాస్టిక్ మీద బంగారు రంగు చిప్ తప్ప మరేమీ లేదు. దీన్ని కీగా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఏదో ఒకటి నొక్కి పాడుచేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్‌కు కారణం ఉంది మాస్టారూ. నా మొదటి కార్డును నేను అరగంటలో చంపేశాను. అదెలాగో ముందు చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో కోలుకోలేని తప్పు దాదాపు ఇదొక్కటే.

ఆ బంగారు రేకు కింద ఉన్నది నిజంగానే ఒక బుల్లి కంప్యూటరు. ప్రాసెసరు, కొద్ది కిలోబైట్ల ర్యామ్, వంద కిలోబైట్లకు అటూ ఇటూగా నిల్వ, లెక్కలు చేసే క్రిప్టో యంత్రం అన్నీ అందులోనే ఉంటాయి. బ్యాటరీ ఉండదు, కరెంటు రీడర్ నుంచో ఫోన్ నుంచో తీసుకుంటుంది. అందులోకి కొత్త ప్రోగ్రాం ఎక్కించాలన్నా, ఉన్నదాన్ని తీసేయాలన్నా కార్డు ముందు మనల్ని తాళాలు అడుగుతుంది. ఖాళీగా అమ్మే కార్డుల్లో చాలావాటికి అందరికీ తెలిసిన తాళమే వేసి ఉంటుంది: 40, 41, 42 అంటూ, 49 తర్వాత 4ఎ, 4బీ అలా వరుసగా 4ఎఫ్ దాకా పదహారు బైట్లు. నా కార్డుకు అది కాదు, అమ్మినవాళ్లు వేరే తాళం పెట్టారు. ఆ సంగతి రాసిన కాగితం కవరులోనే ఉంది. నేను కవరు సరిగా చూడలేదు. మామూలు తాళంతో ప్రయత్నించాను, కుదరలేదు. రీడర్ సరిగా పట్టలేదేమో అనుకుని మళ్లీ ప్రయత్నించాను. కార్డు తీసి చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాను. ఇలాంటి కార్డులు చాలావరకు వరసగా పది తప్పులయ్యాక శాశ్వతంగా మూసుకుపోతాయి. నాది అలాగే పోయింది. కవరులో కాగితం కనబడింది ఆ తర్వాతే.

కాబట్టి మొదటి పని కాగితం చదవడం. రెండో పని, ఒక్కసారి ‘తాళం తప్పు’ అనిపించుకున్నా చేతులు కట్టుకుని కూర్చోవడం. మూడోది, కార్డు పూర్తిగా తయారై వచ్చిందో లేదో అమ్మినవాళ్లను అడగడం. కొన్ని ఫ్యాక్టరీ నుంచి సగం తయారీలో వస్తాయి. వాటిని తెరవడానికి ట్రాన్స్‌పోర్ట్ కీ అనే వేరే తాళం కావాలి, అది లేకపోతే ఆ కార్డు పుస్తకంలో పేజీ గుర్తుకు తప్ప దేనికీ పనికిరాదు.

ఇక అసలు పని. జావా కార్డులోకి ఎక్కే చిన్న ప్రోగ్రాంను ఆప్లెట్ అంటారు. ఒకే కార్డులో నాలుగైదు ఆప్లెట్లు కాపురం ఉండొచ్చు. ఒకరి వస్తువులు ఇంకొకరికి కనబడకుండా మధ్యలో గోడ ఉంటుంది. ఒక్కో ఆప్లెట్‌కు ఏఐడీ అని ఒక సంఖ్య, అదే దాని పేరు. లాగిన్ కీలకు ప్రమాణాలు రాసిన ఫైడో అలయన్స్ వాళ్లు పెట్టిన పేరు: ఎ0 00 00 06 47 2ఎఫ్ 00 01. మీ ఫోన్‌కు కార్డు తగలగానే అది అడిగే మొదటి మాట, ‘ఈ పేరు గల ఆసామి లోపల ఉన్నాడా?’ అని. ఉన్నానని పలికే ఆప్లెట్‌ను లోపల కూర్చోబెట్టడమే మన పనంతా.

ఆప్లెట్లలో రెండు రకాలు దొరుకుతాయి, రెండూ ఓపెన్‌సోర్సే. పాతది యూ2ఎఫ్ రకం. ఆ ప్రమాణం 2014 నాటిది. పాస్‌వర్డు కొట్టాక రెండో మెట్టుగా మాత్రమే పనికొస్తుంది, పిన్ ఉండదు. నేను చూసిన యూ2ఎఫ్ ఆప్లెట్‌కు, ఎక్కించాక ఒక సర్టిఫికెట్ కూడా విడిగా లోపలికి పంపాలి. అది మరిచిపోయి ‘పనిచేయడం లేదు’ అని తల పట్టుకునేవాళ్లు చాలామంది. కొత్తది ఫైడో2 రకం. పిన్ ఉంటుంది, పాస్‌వర్డు లేకుండానే లాగిన్ అయ్యే పాస్‌కీలూ ఉంటాయి. మీరు ఇదే ఎంచుకోండి. నేను వాడేదానికి కార్డు మీద జావా కార్డు 3.0.4 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉండాలి, లాగిన్‌కు రుజువుగా పీ-256 అనే వక్రరేఖ లెక్కతో డిజిటల్ సంతకాలు చేయగలిగి ఉండాలి. ఆర్‌ఎస్‌ఏ అనే ఇంకో రకం సంతకం తప్ప ఇంకేమీ రాని పాత కార్డులు దీనికి పనికిరావు.

ఎక్కించడానికి గ్లోబల్‌ప్లాట్‌ఫామ్‌ప్రో అనే ఉచిత సాధనం ఉంది, కమాండ్‌లైన్ మీద నడుస్తుంది. ముందు దానితో కార్డులో ఏముందో జాబితా అడగండి. కార్డును ఏలే మూల ప్రోగ్రాం ఒక్కటే కనబడాలి, చాలాసార్లు ఎ000000151000000 అనే పేరుతో. జాబితా వచ్చిందంటే తాళం సరైనదే, ఇక ఊపిరి పీల్చుకోవచ్చు. తర్వాత ఆప్లెట్ ఉండే క్యాప్ ఫైలును ఎక్కించమని చెప్పండి. ఫైలు ముక్కలు ముక్కలుగా వెళ్తుంది, కాబట్టి ఆ కాసేపు కార్డును కదపొద్దు.

పూర్తయ్యాక బ్రౌజర్ దగ్గరికి పరుగెత్తకుండా, అదే సాధనంతో ఆ ఫైడో పేరును కార్డుకు పంపి చూడండి. జవాబుగా 55 32 46 5ఎఫ్ 56 32, చివర 90 00 వస్తే పండగే. ఆ ఆరు బైట్లను అక్షరాలుగా చదివితే ‘యూ2ఎఫ్_వీ2’ అవుతుంది. 90 00 అంటే స్మార్ట్‌కార్డు భాషలో ‘సరే’. పిన్‌తో మాత్రమే పనిచేసేలా అమర్చిన ఆప్లెట్ అయితే ‘ఫైడో_2_0’ అని పలకొచ్చు, అదీ మంచిదే. 6ఎ 82 వస్తే ఆ పేరుతో లోపల ఎవరూ లేరని అర్థం. ఆప్లెట్ ఎక్కించారు గానీ ఆ పేరుతో ఇన్‌స్టాల్ చేయలేదన్నమాట.

ఆ తర్వాత తప్పకుండా చేయాల్సింది కార్డు తాళం మార్చడం. 40 నుంచి 4ఎఫ్ దాకా ఉన్న తాళంతోనే వదిలేస్తే, కార్డు చేతికి చిక్కినవాడు మీ ఆప్లెట్‌ను తుడిచేసి తనది పెట్టగలడు. మీ రహస్యాలను చదవలేడు గానీ మీ చేతికి మోసపు కార్డు తిరిగి ఇవ్వగలడు. కొత్త తాళాన్ని కాగితం మీద రాసి దాచండి. అదే కంప్యూటర్‌లో ‘కార్డు కీ’ అని పేరు పెట్టి సేవ్ చేయకండి. చివరగా పిన్ పెట్టండి. కనీసం నాలుగు అక్షరాలు ఉండాలి. వరసగా మూడుసార్లు తప్పు కొడితే కార్డు తీసి మళ్లీ పెట్టమంటుంది. మొత్తం ఎనిమిదిసార్లు తప్పితే రీసెట్ ఒక్కటే దారి, రీసెట్ చేస్తే అన్ని లాగిన్లూ పోతాయి.

ప్రశ్న: గడువు ముగిసిన బ్యాంకు కార్డులు, పాత సిమ్‌లు డ్రాయర్ నిండా ఉన్నాయి. వాటిలో కూడా ఇలాంటి చిప్పే కదా, వాడుకోకూడదా?

జవాబు: చిప్ అలాంటిదే, తాళం మాత్రం మీది కాదు. అది ఇచ్చినవాళ్ల దగ్గరే ఉంటుంది, మీకు ఇవ్వరు. పై జవాబులో నా మొదటి కార్డుకు పట్టిన గతే వాటికీ పడుతుంది. కత్తిరించి పారేయండి.

ప్రశ్న: అంకుల్, నేను ఇంజినీరింగ్ రెండో ఏడాది. కార్డు ఫోన్‌కు ఆనిస్తే బాగానే లాగిన్ అవుతోంది, కానీ ఒక్కోసారి ‘మళ్లీ ప్రయత్నించండి’ అంటుంది. లినక్స్ ల్యాప్‌టాప్‌లో అయితే రీడర్‌లో పెట్టినా బ్రౌజర్ అసలు పట్టించుకోదు. ఆప్లెట్‌లో తప్పా?

జవాబు: ఆప్లెట్ తప్పేమీ లేదు బాబూ. ఫోన్ సంగతి చాలా మామూలుది. కార్డుకు శక్తి ఫోన్ యాంటెన్నా నుంచే వస్తుంది, కొత్త ఖాతాకు నమోదు చేసేటప్పుడు లోపల కొత్త తాళాల జత పుట్టించాలి. ఆ బుల్లి ప్రాసెసరుకు అది పెద్ద పని. నువ్వు బస్సులో పాస్ చూపించినట్టు ఇలా తాకించి అలా తీసేస్తున్నావు. ఆనించి, మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టు, కదపకు. ఐఫోన్ అయితే పైఅంచు దగ్గర ఆనించాలి. 13.3 వెర్షన్ నుంచి దానికి ఎన్‌ఎఫ్‌సీ కీలు, అంటే ఆనిస్తే పలికే కీలు తెలుసు. ఫోన్ కవరులో ఇనుప ముక్క ఉంటే ముందు దాన్ని తీసెయ్.

లినక్స్ సంగతి వేరు. కొనే యూఎస్‌బీ కీ కంప్యూటర్‌కు కీబోర్డులాంటి పరికరంగా, అంటే హెచ్‌ఐడీగా పరిచయం చేసుకుంటుంది. బ్రౌజర్ వెతికేది దానికోసమే. నీ రీడర్ మాత్రం స్మార్ట్‌కార్డు రీడర్‌గా పరిచయం చేసుకుంటుంది. దానితో మాట్లాడటానికి పీసీ/ఎస్‌సీ అనే వేరే దారి ఉంది, లినక్స్‌లో మామూలు బ్రౌజర్లు ఆ దారి తొక్కవు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉన్నారు గానీ మాటల్లేవు. విండోస్‌లో ఈ తంటా తక్కువ. అక్కడ బ్రౌజర్ ఈ పనిని సిస్టమ్‌కు అప్పజెబుతుంది, సిస్టమ్‌కు ఎన్‌ఎఫ్‌సీ రీడర్‌తో మాట్లాడటం వచ్చు.

లినక్స్‌లో మందు ఏమిటంటే, మధ్యవర్తి ప్రోగ్రాం. ఒకవైపు పీసీ/ఎస్‌సీ ద్వారా కార్డుతో మాట్లాడుతూ, మరోవైపు లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లోని యూహెచ్‌ఐడీ సదుపాయంతో ఉత్తుత్తి యూఎస్‌బీ కీని సృష్టిస్తుంది. ఫైడో2 ఆప్లెట్లకు తోడుగా ఇలాంటి వారధి ఓపెన్‌సోర్స్‌లో దొరుకుతుంది. అది నడుస్తున్నంతసేపూ బ్రౌజర్‌కు నిజం కీ పెట్టినట్టే ఉంటుంది. దూరంలోని సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్‌కు కూడా పనికొస్తుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.2 నుంచి, అంటే 2020 నుంచి, ఈ కీలను ఒప్పుకుంటోంది. రెండు రకాలు చూపిస్తే ‘ఈసీడీఎస్‌ఏ-ఎస్‌కే’ ఎంచుకో. ‘ఈడీ25519-ఎస్‌కే’ మన దగ్గరుండే మామూలు జావా కార్డులకు చేతకాదు, నేను ఒక సాయంత్రమంతా వృథా చేసుకుని తెలుసుకున్నాను.

ప్రశ్న: నేను అకౌంట్స్ చూస్తాను. రోజుకు ఇరవైసార్లు లాగిన్ కావాలి. పొద్దున కార్డు రీడర్‌లో పెడితే సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడే తీస్తాను. ప్రమాదమా?

జవాబు: ప్రమాదమేనండీ. కొనే కీ మీద వేలితో తాకే చోటు ఉంటుంది. ఎవరైనా మనిషి అక్కడ ఉన్నాడా లేదా అని అది అలా రూఢి చేసుకుంటుంది. మన కార్డుకు మీట లేదు. అందుకే కార్డును ఫోన్‌కు ఆనించడాన్నో, రీడర్‌లో పెట్టడాన్నో ‘మనిషి ఒప్పుకున్నాడు’ అని లెక్కవేస్తారు. లోపలే వదిలేశారంటే రోజంతా ఒప్పుకుంటూనే ఉన్నారన్నమాట.

చెబితే నమ్మకం కుదరదని ఒకసారి నేనే పరీక్ష పెట్టుకున్నాను. కార్డును ఇంట్లో రీడర్‌లో వదిలి, బయటి నుంచి ఫోన్‌తో నా కంప్యూటర్‌లోకి వెళ్లాను. అక్కడి నుంచి ఈ కార్డు తాళంగా ఉన్న సర్వర్‌కు ఎస్‌ఎస్‌హెచ్ కొట్టాను. ఇంట్లో ఎవరూ లేరు. కార్డు మీద చెయ్యి పడలేదు. సంతకం అయిపోయింది, సర్వర్ తలుపు తెరుచుకుంది. నా బదులు ఆ కంప్యూటర్‌లో ఏదైనా దొంగ ప్రోగ్రాం ఉండి ఉంటే దానికీ అలాగే తెరుచుకునేది. పిన్ అడిగేలా పెట్టుకుంటే కొంత అడ్డు, కానీ కీబోర్డు మీద మీరేం కొడుతున్నారో చూసే ప్రోగ్రాంకు ఆ పిన్ కూడా దొరుకుతుంది.

ఇరవైసార్లు పెట్టి తీయడం విసుగు, నాకు తెలుసు. చిప్ వైపు గుచ్చే రీడర్ కాకుండా బల్ల మీద పడుకునే ఎన్‌ఎఫ్‌సీ రీడర్ వాడి చూడండి. కార్డును దాని మీద పెట్టి తీయడం అలవాటైతే చెయ్యి దానంతటదే వెళ్తుంది. కార్డును ఐడీ బిళ్లతో పాటు మెడలో వేసుకుంటే, కుర్చీలోంచి లేచినప్పుడు అదీ మీతోనే వస్తుంది.

ప్రశ్న: మేం ఇద్దరం ఒకే ఖాతా వాడతాం. నా కార్డుకు జిరాక్స్ తీసినట్టు ఇంకోటి తీసి మా ఆవిడకు ఇవ్వొచ్చా? పోతే పనికొస్తుందని కూడా.

జవాబు: కుదరదు. కుదరకపోవడమే దాని గొప్ప. రహస్య తాళం కార్డు లోపలే పుడుతుంది, బయటికి తీసే ఆజ్ఞ ఏదీ లేదు. సైటుకు వెళ్లేది దాని జంట తాళం మాత్రమే, దానితో సంతకాన్ని సరిచూడగలరు గానీ సంతకం చేయలేరు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. రెండో మెట్టుగా వాడే ఖాతాలు వంద ఉన్నా కార్డు నిండదు. ఎందుకంటే కార్డు ఆ రహస్యాన్ని తన దగ్గర పెట్టుకోదు. తన మూల తాళంతో దాన్ని ఒక పెట్టెలో బిగించి, ఆ పెట్టెను సైటుకే ఇచ్చేస్తుంది. మీరు లాగిన్ అయ్యేటప్పుడు సైటు ఆ పెట్టె తిరిగిస్తుంది, కార్డు తెరిచి సంతకం పెట్టి మళ్లీ మరిచిపోతుంది. పాస్‌కీలు మాత్రం కార్డులోనే ఉంటాయి, చోటున్నంతవరకే పడతాయి.

ఈ సంగతి తెలిసి కూడా నేను ఒక పని చేశాను. ఆప్లెట్‌కు కొత్త వెర్షన్ వచ్చిందని పాతదాన్ని తీసేసి అది ఎక్కించాను. పాతదానితో పాటు మూల తాళమూ పోయింది. సైట్ల దగ్గర నా పెట్టెలన్నీ భద్రంగానే ఉన్నాయి, తెరిచేవాడే లేడు. రెండో కార్డు బీరువాలో ఉండబట్టి బతికాను. దానితో లోపలికి వెళ్లి, ఒక్కో ఖాతాలో మొదటి కార్డును మళ్లీ నమోదు చేసుకునేసరికి ఆదివారం అయిపోయింది.

కాబట్టి నకలు కాదు, రెండు వేర్వేరు కార్డులు తయారుచేసుకుని రెండింటినీ ప్రతి ఖాతాలో నమోదు చేయండి. ఒకటి మీకు, ఒకటి ఆవిడకు. మూడోది చేసి దాచినా తప్పులేదు.

ప్రశ్న: సొంతంగా చేసుకున్నది కొన్న కీ అంత గట్టిగా ఉంటుందా? మా ఆఫీసు పోర్టల్ నా కార్డును ‘అనుమతి లేని పరికరం’ అని తిరస్కరించింది.

జవాబు: రెండో సంగతి ముందు. పెద్ద తయారీదార్లు తమ కీలలో ‘ఇది మా సరుకే’ అని చెప్పే సర్టిఫికెట్ పెడతారు. కొన్ని ఆఫీసులు ఆ ముద్ర ఉన్నవాటినే రానిస్తాయి. మీ కార్డుకు ఏ కంపెనీ ముద్రా లేదు. మామూలు సైట్లు చాలావరకు అడగవు, ఆఫీసు అడిగితే వాళ్లిచ్చిన కీ వాడుకోవడమే. పోట్లాడి లాభం లేదు.

గట్టితనం మాటకొస్తే, 2021లో నింజాల్యాబ్ అనే ఫ్రెంచి పరిశోధకులు గూగుల్ టైటాన్ కీలోంచి రహస్య తాళం బయటికి లాగి చూపించారు. కీ పగలగొట్టి, చిప్ సంతకాలు చేస్తుంటే వెలువడే విద్యుదయస్కాంత తరంగాలను సుమారు ఆరువేల సంతకాల పాటు రికార్డు చేశారు. వాళ్లు ముందుగా సాధన చేసింది దేని మీదో తెలుసా? టైటాన్‌లోని చిప్ చేసిన కంపెనీదే ఇంకో చిప్ ఉన్న జే3డీ081 అనే జావా కార్డు మీద. దానిలోకి తమ ప్రోగ్రాం ఎక్కించుకోవచ్చు, తాళం ముందే తెలుసు కాబట్టి తమ లెక్క సరిపోయిందో లేదో చూసుకోవచ్చు. 2024లో అదే బృందం ఇన్ఫినియాన్ కంపెనీ చిప్పుల్లోని లోపాన్ని పట్టుకుని, 5.7కు ముందు ఫర్మ్‌వేర్ (లోపలి ప్రోగ్రాం) ఉన్న యూబీకీ 5 అనే కీ మీద చూపించింది. అప్పుడూ సాధన ఒక జావా కార్డు మీదే. అంటే కొన్న కీ లోపలున్నదీ, మీ కార్డులోదీ చాలాసార్లు బంధువులే. ఒకదానికి జబ్బు చేస్తే రెండోదాన్నీ పరీక్షించుకోవాలి. అందుకే కార్డు కొనేటప్పుడు పాత మోడల్ చవగ్గా వస్తోందని తీసుకోకండి.

అయితే అలాంటి దాడికి కీ దొంగ చేతికి చిక్కాలి, ల్యాబ్ ఉండాలి. మనలాంటివాళ్లకు వచ్చే ఆపద అది కాదు. అచ్చం అసలు సైటులాగే ఉన్న దొంగ పేజీలో పాస్‌వర్డు కొట్టేయడం, అదీ ఆపద. కార్డు సంతకంలో సైటు అడ్రసు కూడా కలిసి ఉంటుంది, ఒక్క అక్షరం తేడా ఉన్నా పెట్టె తెరుచుకోదు. ఆ పనిలో మీ ప్లాస్టిక్ కార్డు కొన్న కీకి ఏమాత్రం తీసిపోదు. తీసిపోయేది మీట లేకపోవడంలో, దాని సంగతి పైన చెప్పాను.

ప్రశ్న: తాళాల గుత్తికి తగిలించుకోవడానికి కార్డు మూలకు రంధ్రం కొట్టించవచ్చా?

జవాబు: ఆగండి! ఫోన్‌కు ఆనిస్తే పనిచేసే కార్డుల్లో సన్నటి రాగి తీగ అంచు వెంట చుట్లు చుట్టుకుని ఉంటుంది. అదే దాని యాంటెన్నా. మూలకు కొట్టిన రంధ్రం చాలాసార్లు దాన్నే తెంపుతుంది. కొట్టే ముందు కార్డు వెనక మొబైల్ టార్చ్ వెలిగించి చూడండి, తెల్ల కార్డు అయితే తీగ నీడలా కనబడుతుంది. ఇప్పటికే కొట్టేసి ఫోన్ పలకడం మానేసిందా, పారేయకండి. రీడర్‌లో చిప్ వైపు పెడితే ఇంకా పనిచేస్తుంది. నా మూడో కార్డు అలాగే పనిచేస్తోంది.